సుశీల కూర్చున్న వైపు

ఎల్సీ. ముప్ఫై ఆరేళ్లు. ఏ బండి ఎక్కినా ముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టుకుని, వట్టి కాళ్లతో నడుపుతుంది.

చెప్పులుంటే బండి మాట కాలికి వినబడదని ఆమె అంటుంది. పొద్దున కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్ల ముందు ఉద్యోగాల ఆడవాళ్లను క్యాబులో ఎక్కించుకోవడం, పటాన్‌చెరు దాటి మందుల ఫ్యాక్టరీల గేట్ల దగ్గర దింపడం, షిఫ్టు దిగినవాళ్లను మళ్లీ ఇళ్లకు చేర్చడం, ఇదీ ఆమె పని. ముంబై హైవే మీద లారీలవాళ్లు స్టీరింగు వెనక ఆడమనిషి కనబడితే అవసరం లేకపోయినా ఒక హారన్ ఎక్కువ కొడతారు. ఎల్సీ కూడా కొడుతుంది. రెండు కొడుతుంది.

ఆదివారం చర్చి అయిపోయాక పాత కార్ల ర్యాలీలకు వెళ్లేది. ఈ ర్యాలీల సంగతి కాస్త చెప్పాలి. యాభై, అరవై ఏళ్ల కిందటి కార్లను డబ్బున్నవాళ్లు తోమించి, రంగులేయించి, బాగు చేయించి రోడ్డెక్కిస్తారు. కొన్ని ఉత్త ఊరేగింపులు. కొన్ని అచ్చంగా పందేలే. కార్లు వాళ్లకుంటాయి, నడిపే చేతులుండవు. చేతులను బయటి నుంచి తెచ్చుకుంటారు. నిరుడు ఎల్సీ ఒక వ్యాపారి కారు నడిపి రెండో స్థానంలో వచ్చింది. మైకులో పిలిచింది మాత్రం ఆ వ్యాపారి భార్య పేరు. పందెం జరుగుతున్నంతసేపూ ఆవిడ షామియానా కింద ఐస్‌క్రీం తింటూ కూర్చుంది. ఆవిడనూ అనడానికి లేదు, రమ్మంటే వచ్చింది, తీసుకోమంటే తీసుకుంది. ఎల్సీ హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే ఫోటోలు తీసే అతను, "అక్కా, జెర పక్కకు జరుగుండ్రి, ఫోటోల పడుతున్నరు" అన్నాడు.

అందుకే మురళీమోహన్ పిలిపించినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

"డ్రైవరని బోర్డు మీద నా పేరుండాలె సార్."

మురళీమోహన్‌కు ఇస్నాపూర్ అవతల మందుల కంపెనీ ఉంది. అరవై దాటిన మనిషి, నున్నగా గీసిన గడ్డం, మాట మెత్తన.

"పేరుదేముందమ్మా" అన్నాడు.

"ఏం లేనిదైతే ఇచ్చేయుండ్రి మరి."

ఆయన నవ్వాడు. "ర్యాలీ ఫిబ్రవరిల. ముందుగాల ఒకసారి నడిపి సూపెట్టు. బండి నీ మాట వింటే సూద్దాం."

ఆ 'సూద్దాం' ఎల్సీకి నచ్చలేదు. మగవాళ్ల సూద్దాంలను ఆమె చాలా చూసింది. అయినా ఒప్పుకుంది. ఆ కారు గురించి ర్యాలీలకు వచ్చే వాళ్లంతా కథలు చెప్పుకుంటారు. దాని మీద తన పేరు పడితే ఇక ఎవరూ పక్కకు జరగమనరు. పడకపోతే జరుగుతూనే ఉండాలి.

కారు కంపెనీ వెనక రేకుల షెడ్డులో ఉంది. నవంబరు చివర, అప్పుడప్పుడే చలి దిగుతోంది. గోడ అవతల బాయిలరు ఆగకుండా బుసకొడుతోంది. గాలిలో ఆ చుట్టుపక్కల ఎప్పుడూ ఉండే వాసన, మాగిన పండులాగా తియ్యగా మొదలై గొంతు దాకా వచ్చేసరికి మంటయ్యే వాసన. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండేవాళ్లు దాన్ని వాసన అనడం ఎప్పుడో మానేశారు.

పెద్దరాములు అనే మెకానిక్కు కారు మీద కప్పిన తాటిపత్రి లాగాడు. ముదురాకుపచ్చ రంగు, పొడుగు మూతి. తలుపులు లేవు, పైకప్పు లేదు. ముందు అద్దం జానెడు కూడా లేదు. రెండే సీట్లు, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. ఎప్పుడో ఇటలీలో పందేల కోసమే చేసిన బండి. షెడ్డు గోడకు అద్దాల బీరువా, దాని నిండా పందేల్లో గెలిచిన కప్పులు. ప్రతి కప్పు మీదా ఒకటే పేరు, నాగేశ్వర్.

"మా నాయన" అన్నాడు మురళీమోహన్. "ఈ బండి మీద ఆయనను కొట్టినోడు లేడు."

"పక్క సీటుల ఎవరు కూసునేటోళ్లు సార్?"

"మా మేనత్త సుశీల. నాయనకు చెల్లె. తోవ చెప్పేది. ఈ ఇంజన్ లేసిందంటే పక్క మనిషి గొంతు చించుకున్నా వినబడది. అందుకని మోకాలు మీద చెయ్యి. ఒక్క దెబ్బ కొడితే ఎడమకు. రెండు కొడితే కుడికి. అరచెయ్యి పెట్టి అదిమితే ఆగు. మా నాయన మలుపు సూసేటోడే కాదు. ఆమె చెయ్యి ఎట్లంటే బండి అట్ల."

"మరి కప్పుల మీద ఆమె పేరు లేదేంది?"

"పక్కన కూసున్నోళ్ల పేర్లు ఎవరు రాస్తరమ్మా?"

పెద్దరాములు ఎటో చూస్తూ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడెక్కడున్నరు ఆమె?"

"ఎప్పుడో పాయె. ఈ వెనక రోడ్డు మీదనే, కల్వర్టు కాడ. పందెంకు ముందు వానలు వడి కల్వర్టు కొట్కపోయింది. తోవ తప్పు చెప్పింది పాపం. కుడికి పక్కతోవ ఉండె, రెండు కొట్టాల్సింది ఒక్కటే కొట్టింది. బండి ఎగిరి పడ్డది. ఆడోళ్లకు కుడి ఎడమల కాడ జెర..." ఎల్సీ ముఖం చూసి ఆగాడు. "నిన్ను గాదు లే."

"తప్పు కొట్టిందని ఎవరు చెప్పిండ్రు?"

"మా నాయన. ఇంకెవరు మిగిలిండ్రు చెప్పనీకి?"

బాగుంది, అనుకుంది ఎల్సీ. బతికినాయనే సాక్షి, బతికినాయనే జడ్జి.

ఆమె కారు చుట్టూ తిరిగి చూసింది. ఎడమ సీటు ముందు నేలరేకు మీద గుండ్రంగా అతుకులేసిన బొక్కలు కనబడ్డాయి. ఇదేంటని అడిగింది.

"స్టీరింగు, బ్రేకు అన్నీ మొదాల ఆ దిక్కే ఉండె. వాళ్ల దేశం పద్ధతి. ఎడమ దిక్కు కూసుని తోలితే మన రోడ్ల మీద ముందటి లారీని దాటనీకి రాదు. అందుకే పూనా పంపి కుడికి మార్పించిన. మస్తు చేసిండ్రు కదా? సీట్లు మాత్రం అప్పటియే. ఆ తోలు ఇప్పుడు దొరకది."

మంచిపని చేశారనే అనుకుంది ఎల్సీ. ఎవరైనా అదే అనుకుంటారు. ఆమె కుడి సీటులోకి దిగి, చెప్పులు విప్పింది. అంత చల్లని షెడ్డులో ఆ సీటు మాత్రం వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు...

పెద్దరాములు కూర్చుని ఉంటాడు, అనుకుంది.

మురళీమోహన్ ఎడమ సీటులో సర్దుకున్నాడు. "సైగలు నేను చేస్త. నువ్వు తోలుడే. నడిచిన దాన్ని బట్టి పేరు ముచ్చట మాట్లాడుకుందాం."

షిఫ్టు బస్సులు వెళ్లిపోయాక ఆ వెనక రోడ్డు కాసేపు ఖాళీ అవుతుంది. పొద్దు గుంకింది కానీ ఆకాశంలో వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. పెట్రోలు డబ్బా, లాగే తాడు వేసుకుని పెద్దరాములు మోటార్‌సైకిల్ మీద వెనకాల బయల్దేరాడు. రెండు నిమిషాల్లోనే వెనకబడిపోయాడు.

ఇంజన్ చప్పుడు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినబడుతోంది. బ్రేకు, క్లచ్చు, నేల వణుకు, అన్నీ అరికాళ్లలోంచి పైకి వస్తున్నాయి. ఇన్నేళ్లు క్యాబు నడిపిన ఎల్సీకి ఇది బండి అనిపించలేదు. లోపల ఊపిరి ఉన్నదేదో అనిపించింది. ఫ్యాక్టరీల ప్రహరీలు, మూతపడిన టీకొట్టు, హిందీలో రాసిన గదులు అద్దెకు బోర్డు, అన్నీ గీతల్లా వెనక్కి జారిపోతున్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. బోర్డు మీద తన పేరు కళ్లముందు కనబడింది.

ప్రహరీలు అయిపోయి రోడ్డు పొలాల మధ్యకు వచ్చింది. ఈ మధ్యనే వెడల్పు చేశారు. బాణంలా తిన్నగా ఉంది. మంచు దిగుతోంది. మంచూ కాదు, పొగా కాదు. రెండూ కలిసింది. పసుపుపచ్చ దీపాలు దానిలోకి కొంత దూరం వెళ్లి ఆగిపోతున్నాయి.

ఎల్సీ గేరు మార్చింది.

మురళీమోహన్ ఉలిక్కిపడి ఆమె చెవి దగ్గరకు వంగాడు. "గేరు అటున్నది!" అని అరిచాడు. "అది నా మోకాలు!"

"నేనేం ముట్టుకోలేదు!"

ఆయనకు వినబడలేదు. ముఖం చిట్లించుకుని ముందుకు తిరిగాడు.

పక్కన తుమ్మపొదల్లో ఏదో కనబడింది ఎల్సీకి. పాత తారురోడ్డు ముక్క. కొత్త రోడ్డు వేసినప్పుడు వదిలేసిన మలుపు. ఎడమకు వంగి, పొదల్లో కొంత దూరం పోయి, మళ్లీ వచ్చి రోడ్డులో కలిసింది.

ఒక్క దెబ్బ. ఎడమ.

ఆమెకు ఆ ఆలోచన పూర్తిగా రాకముందే ఎడమ చేతిలో ఏదో తేడా తెలిసింది. రాత్రంతా తల కింద పెట్టుకుని పడుకుంటే తెల్లారి చెయ్యి ఎలా ఉంటుంది? మనదే, కానీ మనది కాదు. అలా. ఆమె కిందికి చూసింది.

చెయ్యి గేరు మీద లేదు.

గాలిలో ఉంది. మణికట్టు దగ్గర కొంచెం వంగి, వేళ్లు దగ్గరగా పెట్టుకుని... ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఆగి ఉంది. తర్వాత పక్కకు వెళ్లింది. మురళీమోహన్ కుడి మోకాలి మీద కొట్టింది.

ఒకటి. రెండు.

తిరిగి వచ్చి గేరు మీద బుద్ధిగా కూర్చుంది.

ముందు రోడ్డు తిన్నగానే ఉంది. కుడి పక్కన, తుమ్మల వెనక, ఇంకో పాత మలుపు వంగి కనబడింది. వెనక్కి పోయింది.

ఎల్సీకి అరికాళ్ల నుంచి చలి పుట్టింది. ఇప్పుడు లేని రోడ్డుకు సైగలు... ఆనాటి మలుపులకు. ఆనాడు స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. నాగేశ్వర్ ఎడమ సీటులో కూర్చునేవాడు. అంటే ఇప్పుడు మురళీమోహన్ ఉన్న చోట. తోవ చెప్పే మనిషి కుడి సీటులో కూర్చునేది.

అంటే ఇప్పుడు తానున్న చోట.

స్టీరింగును అటు నుంచి ఇటు మార్చారు. బ్రేకును మార్చారు. గేరును మార్చారు. ఆ సీటులో ఎవరున్నారని మాత్రం ఎవరూ చూడలేదు. ఏ కప్పు మీదా పేరు లేని మనిషి కదా, ఎవరికి గుర్తొస్తుంది?

సుశీల ఆ సీటులోంచి లేవనేలేదు.

ఒక దెబ్బ. ఎడమ. మురళీమోహన్ ఇప్పుడు అరవడం లేదు. ఆ చేతినే చూస్తున్నాడు. ఎల్సీ కుడి చెయ్యి స్టీరింగు మీద, కళ్లు రోడ్డు మీద, ముఖం పాలిపోయి ఉంది. ఈ మనిషి కావాలని చేయడం లేదని ఆయనకు తెలిసినట్టుంది. రెండు దెబ్బలు. కుడి. ఆయన చేతులు రెండూ వాటంతటవే ఒడిలోంచి లేచాయి. గాలిలో గుండ్రంగా... అక్కడ లేని స్టీరింగును పట్టుకున్నాయి. కుడికి తిప్పాయి. కాలు ముందుకు వెళ్లి, అతుకులేసిన బొక్కల మీద ఏదో వెతుక్కుంది. ఏమీ దొరకలేదు.

ఎల్సీ వేగం తగ్గించాలనుకుంది. కాలు రాలేదు. భయం వల్ల కాదు. నిజం చెప్పాలంటే ఇది డ్రైవర్ల జబ్బు. పక్కన తోవ చెప్పే మనిషి సరిగ్గా చెబుతుంటే కాలు దానంతట అది నమ్మేస్తుంది. ఆ చెయ్యి తప్పు చెప్పడం లేదు. ఒక్కటి కూడా తప్పలేదు. ఈ చెయ్యికి కుడి ఎడమలు తెలియవట!

అంతలో ఆ చెయ్యి ఆగింది.

పైకి లేచింది. వేళ్లు విచ్చుకున్నాయి. అరచెయ్యి మొత్తం మురళీమోహన్ మోకాలి మీద ఆనింది.

అదిమింది.

ముందు ఏమీ లేదు. కల్వర్టు ఇంకా కనబడనే లేదు. అయినా అదిమింది. ఇంకా గట్టిగా. వేళ్లు ప్యాంటు గుడ్డలోకి దిగిపోయాయి. మురళీమోహన్ నోరు తెరుచుకుంది, అరుపు ఇంజన్‌లో కలిసిపోయింది. ఒకటి కాదు. రెండు కాదు. ఎడమ కాదు. కుడి కాదు. ఆగు... ఆగు... ఆగు...

తప్పు కొట్టలేదు. ఆనాడు సుశీల అసలు మలుపే చెప్పలేదు. ఇంత ముందుగా, ఇంత గట్టిగా, ఆగమంది.

ఎల్సీ వట్టి పాదంతో బ్రేకు తొక్కింది.

బండి అడ్డంగా జారింది. టైర్లు కీచుమన్నాయి. ఒకసారి ఊగి, ఆగింది. ఇంజన్ పోయింది.

అంత చప్పుడు తర్వాత వచ్చిన నిశ్శబ్దం చెవులను నొప్పి పెట్టింది. వేడి లోహం చిటపటమంటోంది. ఎక్కడా కీచురాళ్లు కూడా లేవు. ముందు రోడ్డు మెల్లగా పల్లానికి దిగుతోంది. దిగిన చోట కల్వర్టు, రెండు పక్కలా తెల్లసున్నం వేసిన గోడలు. పల్లం నిండా మంచు, పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉంది. దీపాల వెలుగులో పచ్చగా కనబడింది.

చెయ్యి ఇంకా మోకాలి మీదే ఉంది.

"చెయ్యి తియ్యి" అన్నాడు మురళీమోహన్, గుసగుసగా.

"వస్తలేదు సార్."

"తియ్యమంటున్న గదా..."

"నాది కాదు సార్ ఆ చెయ్యి."

ఆయన ఆ వేళ్లను ఒక్కొక్కటిగా ఊడబెరికాడు. ఊడదీస్తుంటే భయం పోయి కోపం వచ్చింది. తాను భయపడటం ఒక ఆడమనిషి చూసేసిందన్న కోపం అది, అన్నిటికంటే చెడ్డది.

"మా అత్త ముచ్చట చెప్పిననని నాతోటి ఆటలాడుతున్నవా? బోర్డు మీద పేరు కోసమేనా ఇదంత?"

"దేవుని తోడు సార్. జెర ఆ మంచు సూడుండ్రి. ముందటికి పోవద్దు. ఆగుమన్నది."

"ఎవరు?"

ఎల్సీ తన ఎడమ చేతి వైపు చూసింది.

"మంచు అది. ఉత్త మంచు." ఆయన కాలు బయటపెట్టి దిగాడు. చెయ్యి అదిమిన చోట మోకాలు రుద్దుకున్నాడు. "ఆగుమన్నప్పుడల్లా ఆగితే మా నాయనకు ఒక్క కప్పు రాకపోవు."

ఆ మాట అన్నాక తానేమన్నాడో ఆయనకు తెలిసిందో లేదో. ఫోను లైటు వేసుకుని పల్లంలోకి నడిచాడు. నడుము దాకా మంచు. ఛాతీ దాకా. వెనక్కి తిరిగి, "సూసినవా, ఏం లేదు..." అన్నాడు.

అప్పుడు వచ్చింది వాసన. తియ్యగా. మాగిన పండులాగా. ఆ తర్వాత మంట.

ఆయన ఒకసారి దగ్గాడు. నవ్వినట్టు వినబడింది. మెడ పట్టుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు, మెల్లగా, ప్రార్థనకు కూర్చున్నట్టు. ఫోను లైటు మంచు అడుగున పడి, కిందినుంచి పచ్చగా వెలిగింది. ఆయన కనబడలేదు.

"సార్!"

ఎల్సీ లేవబోయింది.

లేవలేకపోయింది. ఎడమ చెయ్యి మళ్లీ గేరును పట్టుకుని ఉంది. కుడి చేత్తో మణికట్టు పట్టుకుని లాగింది. పాదాలు రేకుకు తన్నిపెట్టి లాగింది. వేళ్లు రాలేదు. కిందనున్న సీటు సీటులా లేదు. తన తొడల కింద ఇంకో రెండు తొడలున్నట్టు... వెచ్చగా... తన వీపు వెనక ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు. పసిపిల్ల రోడ్డు మీదకు ఉరకకుండా ఒడిలో బిగించి పట్టుకుంటారే, అలా పట్టుకుంది.

"వదులు" అంది ఎల్సీ. "సచ్చిపోతడు. వదులమ్మా..."

ఒడి వదల్లేదు. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అంతవరకూ ఎల్సీకి ఆ మనిషి మీద జాలి ఉంది, తన లాంటి ఆడదే కదా అన్న నమ్మకం ఉంది. ఆ క్షణాన ఆ నమ్మకం పోయింది. తనను కాపాడటానికి పట్టుకుందో, ఆయన దగ్గరకు పోకుండా పట్టుకుందో... తెలియలేదు. రెండింటికీ పట్టు ఒకటే.

ఆమె కుడి చేత్తో హారన్ మీద కొట్టింది. కొడుతూనే ఉంది.

మోటార్‌సైకిల్ చప్పుడు వచ్చింది. పెద్దరాములు బండి ఆపీ ఆపకముందే ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యో, ఈడ పోసిండ్రా ఇయ్యాల!" అన్నాడు. "మన ట్యాంకరే అమ్మా. కంపెనీల మురికంత కల్వర్టు కిందికి ఇడుస్తరు. సారేడి?"

ఎల్సీ పల్లం వైపు చూపించింది.

తన కంపెనీ ట్యాంకరు ఏ రోజు ఎక్కడ పారబోస్తుందో మురళీమోహన్‌కు తెలియదు. తెలియకుండా చూసుకోవడమే ఆయన పద్ధతి. పైకప్పు లేని ఆ బండి అదే వేగంతో పల్లంలోకి దిగి ఉంటే, కల్వర్టు దాటేసరికి లోపల ఇద్దరూ శవాలు.

పెద్దరాములు తువ్వాల నీళ్లతో తడిపి ముఖానికి చుట్టుకుని, తాడు నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస ఆమె వైపు విసిరాడు. "నేను పడితే గుంజు."

తాడు ఒడిలో పడగానే ఎడమ చెయ్యి గేరును వదిలేసింది. ఎల్సీ చెప్పకుండానే కొసను మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. ఒంట్లో బిగువు పోయింది. ఆమె దిగింది. తాడు ఉలిక్కిపడినప్పుడు లాగింది. తనకు అంత బలం లేదని ఆమెకు తెలుసు. ఇద్దరు బరువైన మగవాళ్లు, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, చేదలో నీళ్లలా సులువుగా ఎత్తు మీదకు వచ్చేశారు.

మురళీమోహన్ బతికాడు. పటాన్‌చెరులో ఒక ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టి, తర్వాత గదికి మార్చారు. గొంతు పోయింది, గుసగుస మిగిలింది. ఆ గుసగుసతో ఆయన పోలీసులకు మొదట చెప్పిన మాట ఇది: "ఆ ఆడమనిషి తోవ తప్పు పట్టింది. ముందు ప్రమాదమున్నదని ఒక్క మాట చెప్పలే."

ట్యాంకరు సంగతి ఎక్కడా రాలేదు. పెద్దరాములు ఊరికి పోయాడన్నారు. ర్యాలీ నుంచి ఎల్సీ పేరు తీసేస్తున్నట్టు కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "కేసు పెడ్తలేరు, అది సంతోషం అనుకోమ్మా" అన్నాడు కూడా.

ఆ ఫోను వచ్చిన మర్నాటి సాయంత్రం ఎల్సీ ఆస్పత్రికి వెళ్లింది. తిట్టడానికే వెళ్లింది. గదిలో దుప్పట్లు మారుస్తున్న ఆయా బీరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా ఆ డ్రైవరమ్మవు? జెర ఇటు రా తల్లీ, ఇది సూడు."

దుప్పటి తొలగించింది. మురళీమోహన్ కుడి మోకాలి మీద అయిదు వేళ్లు, నల్లగా కమిలి ఉన్నాయి.

"పొద్దుగాల మొత్తం మాయమైతది" అంది బీరమ్మ గొంతు తగ్గించి. "పొద్దుమీకంగనే మళ్ల లేస్తది. దినాం ఇదే. డాక్టర్లొచ్చి ఫోటోలు తీస్తున్రు గని ఏందో చెప్తలేరు."

ఎల్సీ తన ఎడమ చేతిని ఆ మచ్చ మీదుగా, తగలకుండా, పట్టి చూసింది. అరచెయ్యి సరిపోయింది. వేళ్లు సరిపోలేదు. మచ్చ వేళ్లు తన వేళ్ల కంటే ఒక కణుపు పొడుగున్నాయి. ఆమె చూస్తుండగానే, తన చెయ్యి గాలిలో ఉండగానే, కింద ఆయన చర్మం అయిదు చోట్ల మెల్లగా లోపలికి దిగింది.

బీరమ్మ దుప్పట్లు అక్కడే వదిలి బయటికి నడిచింది.

"తియ్యి..." అన్నాడు మురళీమోహన్. కళ్లనిండా నీళ్లు.

"నాది కాదు సార్."

"ఏం కావాలె దానికి?"

"దానికేం కావాలో నాకు తెల్వదు" అంది ఎల్సీ. కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆయన కుడి పక్కన కూర్చుంది. "నాకేం కావాలో మీకు తెలుసు."

ఫిబ్రవరి ర్యాలీలో ఆ కారు బోర్డు మీద డ్రైవరు పేరు ఎల్సీ అని ఉంది. పక్క సీటులో ఎవరిని కూర్చోబెట్టుకుంటావో నీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. ఆమె మురళీమోహన్‌ను కూర్చోబెట్టింది.